పట్టాలు లేచిపోయినా కట్టను ముక్కలు కానివ్వకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను విజయవాడ సత్యనారాయణపురంలో నివసించే విశ్రాంత రైల్వే ఉద్యోగిని. పట్టాలు, స్లీపర్లు, కంకర, కట్ట చూసుకునే ఇంజనీరింగ్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను కనుక రైలు కట్ట మీద నడవడం నాకు కొత్త కాదు. ఎండలో, వానలో, పట్టా విరిగిందన్న కబురు అందిన అర్ధరాత్రుల్లో టార్చిలైటు పట్టుకుని నేను నడిచినంత దూరం మా వీధిలో ఇంకెవరూ నడిచి ఉండరు. అయితే చేతిలో గేజీ గాని సుత్తి గాని లేకుండా, వెనుక నుంచి బండి వస్తోందేమోనని చెవి ఒగ్గకుండా, కేవలం సంతోషం కోసం రైలు కట్ట మీద నడిచే భాగ్యం మాత్రం పదవీ విరమణ తర్వాత, అదీ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో కలిగింది. ఆ నడకలో చూసినవాటిని, వాటిని చూస్తున్నప్పుడు మన ఊరి గురించి తోచిన ఒక ఆలోచనను మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయి సెయింట్ లూయిస్ నగర శివార్లలో ఉంటాడు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లివచ్చిన పెద్దవాళ్లకు అక్కడి ఇబ్బంది తెలిసిందే. కారు నడపడం రాకపోతే కూరగాయల కొట్టుకు కూడా వెళ్లలేం. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్లాక సాయంత్రం దాకా కిటికీలోంచి పక్కింటి పచ్చగడ్డి చూస్తూ కూర్చోవాలి. మూడు వారాలు గడిచేసరికి నాకూ మా ఇంటావిడకూ విసుగు పుట్టింది. అది గమనించిన మావాడు ఒక శనివారం ఉదయం, "నాన్నగారూ, మీ పాత డిపార్ట్‌మెంటు చూపిస్తాను రండి" అని మమ్మల్ని సెయింట్ చార్లెస్ అనే ఊరికి తీసుకెళ్లాడు. మిస్సోరీ నది ఒడ్డున ఒక పార్కు, అందులో ఒక చిన్న పాత రైల్వే స్టేషను ఉన్నాయి. స్టేషను ఉంది, నది వెంట కట్ట ఉంది, పట్టాలు మాత్రం లేవు. వాటి స్థానంలో సున్నపురాయి పొడి పరిచి గట్టిగా అణిచిన తెల్లటి దారి చెట్ల మధ్యకు సాగిపోతోంది. నా ముఖం ఎలా మారుతుందోనని మావాడు చూస్తున్నాడు గాని, నేను అలవాటు కొద్దీ ముందు కట్ట అంచులు చూశాను. అంచులు వానకు కోసుకుపోలేదు, పక్క కాలువలో చెత్త లేదు. పట్టాలు లేకపోయినా ఎవరో దీన్ని రోజూ చూసుకుంటున్నారని అప్పుడే అర్థమైంది.

ఆ దారి పేరు కేటీ ట్రైల్. మిస్సోరీ–కాన్సస్–టెక్సస్ అనే రైల్వే కంపెనీని అక్కడి జనం దాని పొడి అక్షరాలలోని కె, టి అనే రెండింటిని కలిపి ‘కేటీ’ అని పిలిచేవారు. 1986లో ఆ కంపెనీ నది వెంట ఉన్న ఈ మార్గంలో రైళ్లు ఆపేసింది. 1990లో రోచ్‌పోర్ట్ అనే చిన్న ఊరి దగ్గర మొదటి భాగాన్ని నడకకూ సైకిళ్లకూ తెరిచారు. ఇప్పుడది తూర్పున మాచెన్స్ నుంచి పడమట క్లింటన్ దాకా సుమారు 240 మైళ్లు, అంటే 386 కిలోమీటర్లు ఉంది. మన లెక్కలో చెప్పాలంటే విజయవాడ స్టేషనులో బయలుదేరి విశాఖపట్నం దాకా కట్ట మీదే నడిచి వెళ్లినా ఇంకా ముప్పై కిలోమీటర్లకు పైగా మిగులుతుంది. అంత పొడుగునా మోటారు వాహనం అడుగు పెట్టడానికి వీల్లేదు. ఆ రాష్ట్ర ప్రభుత్వ పార్కుల విభాగమే దాన్ని నిర్వహిస్తోంది.

నాలాంటి వాడికి నచ్చిన చిన్న సంగతి ఒకటి చెప్పాలి. దారి పక్కన మైలురాళ్ల వంటి గుర్తులు ఉన్నాయి. మామూలుగా ఎవరైనా కొత్త దారి వేస్తే మొదట్లో సున్నా పెట్టి లెక్క ప్రారంభిస్తారు. వీళ్లు అలా చేయలేదు. రైల్వే కంపెనీ ఒకప్పుడు పెట్టుకున్న మైళ్ల లెక్కనే ఉంచేశారు కనుక తూర్పు కొసన దారి మొదలయ్యే చోట అంకె 27 దగ్గర ఉంటుంది, సెయింట్ చార్లెస్ దగ్గర 39 దాటుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తికమకగానే ఉండవచ్చు. కాని కిలోమీటరు రాయి మీది అంకెను బట్టి బతికిన మాకు, పాత అంకెను చెరపకుండా ఉంచడంలోని మర్యాద వెంటనే తెలుస్తుంది.

ఆ రోజు మేము రెండు మైళ్లు వెళ్లి రెండు మైళ్లు తిరిగి వచ్చాము. మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. దుర్గ గుడి మెట్లు ఎక్కడం మానేసి నాలుగేళ్లయింది. మా వీధి చివర పేవ్‌మెంటు ఎక్కి దిగడమే ఆమెకు ఒక పరీక్ష. అటువంటి మనిషి నాలుగు మైళ్లు నడిచి, చీర కుచ్చిళ్లకు అంటిన తెల్ల పొడిని దులుపుకుంటూ, "ఎక్కడా ఎక్కినట్టు లేదు, దిగినట్టు లేదు, ఇదేం దారండీ" అని అడిగింది. దానికి జవాబు నా ఉద్యోగంలోనే ఉంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుంది కనుక ఎత్తు ఎక్కడం రైలుకు చేతకాని పని. అందుకే మైదాన ప్రాంతంలో లైను వేసేటప్పుడు సాధారణంగా నూట యాభై అడుగుల దూరానికి ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకుండా చూస్తారు. గుట్ట అడ్డం వస్తే కోస్తారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట లేపుతారు, వంపు తిప్పాలన్నా చాలా దూరం నుంచి నిదానంగా తిప్పుతారు. నూరేళ్ల కిందట బొగ్గు ఇంజను అవస్థ పడకూడదని కూలీలు తట్టలతో మోసి పోసిన మట్టి ఈనాడు ఒక పెద్దావిడ మోకాళ్లను కాపాడింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయనను ఆయన మనవరాలు కాబోలు, ఒక చేత్తో నెట్టుకుంటూ ఇంకో చేత్తో ఐస్‌క్రీం తింటూ మా పక్కనుంచే వెళ్లింది. మన ఊళ్లో ఏ రోడ్డు మీద ఆ పని చేయగలమో ఆలోచించి చూడండి.

నా ముచ్చట చూసి మావాడు మరుసటి నెలలో రోచ్‌పోర్ట్ కూడా తీసుకెళ్లాడు. అక్కడ ఒక పక్క నది, ఒక పక్క నిటారుగా లేచిన సున్నపురాయి కొండ, ఆ రెంటి నడుమ కట్ట. ఈ దారి మొత్తం మీద ఉన్న ఒకే ఒక సొరంగం అక్కడుంది. 1893 ప్రాంతంలో తవ్వినది, పొడవు 243 అడుగులు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1893–96 మధ్య, ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వారు మన బెజవాడ నుంచి ఒడిశాలోని కటకం వైపు లైను వేశారని గుర్తుకు వచ్చి, సొరంగం లోపలి రాళ్ల మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాను. దారిలో ఒక చోట వాగు మీద చిన్న వంతెన వచ్చింది. గర్డర్లు, అంటే వంతెనను మోసే ఇనుప దూలాలు పాతవే, వాటి మీద పట్టాలు, స్లీపర్లు తీసేసి చెక్క పలకలు అడ్డంగా బిగించారు, రెండు వైపులా రెయిలింగు పెట్టారు. నేను రెయిలింగు పట్టుకుని కిందికి వంగి గర్డరుకు తుప్పు పట్టిందా లేదా చూస్తుండగా వెనుక నుంచి నాలుగైదు సైకిళ్లు ఆ పలకల మీదికి వచ్చాయి. గడగడమని ఒక్కసారిగా పుట్టిన ఆ చప్పుడుకు, ముప్పై నాలుగేళ్ల అలవాటు ఊరుకుంటుందా, నేను ఎగిరి పక్కకు దూకబోయాను. సైకిలు మీద వచ్చిన కుర్రవాళ్లు కంగారు పడి ఆగి క్షమాపణ చెప్పారు. పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసినవాడికి వంతెన మీద ఉండగా వెనుక చప్పుడు వినబడితే ఏమవుతుందో వాళ్లకు ఎలా వివరించను?

ఇంతవరకు చెప్పింది చూసిన ముచ్చట. అసలు నేను చెప్పదలచుకున్నది ఆ దారి వెనుక ఉన్న చట్టం సంగతి. అమెరికాలో చాలా చోట్ల రైల్వే కంపెనీకి కట్ట ఉన్న నేల మీద పూర్తి యాజమాన్యం ఉండదు. రైళ్లు నడుపుకోవడానికి దారి హక్కు మాత్రమే ఉంటుంది. లైను ఎత్తేస్తే ఆ హక్కు పోయి, నేల ఇరుపక్కల పొలాల వాళ్లకు చెందుతుంది. అలా జరిగితే వంద మైళ్ల కట్ట వందలమంది చేతుల్లో ముక్కలవుతుంది. ఒకరు దున్నుతారు, ఒకరు గోడ కడతారు, రేపు రైలు మళ్లీ కావాలన్నా ఆ కట్టను తిరిగి కూర్చడం ఎవరి తరమూ కాదు. దీనికి విరుగుడుగా 1983లో అక్కడి జాతీయ కాలిదారుల చట్టానికి ఒక సవరణ తెచ్చారు. దాని ప్రకారం రైల్వే కంపెనీ తనకు అక్కర్లేని లైనును ఒక ప్రభుత్వ విభాగానికో సంస్థకో అప్పగించవచ్చు. వాళ్లు దాన్ని నడక దారిగా వాడుకుంటూ, బాధ్యత వహిస్తూ, కట్టను తెగకుండా కాపాడాలి. భవిష్యత్తులో రైలు అవసరమైతే తిరిగి ఇచ్చేయాలి. చట్టం దృష్టిలో ఆ లైను మూతపడినట్టు కాదు. దీన్ని వాళ్లు రైల్ బ్యాంకింగ్ అంటారు. మన భాషలో కట్టను దాచుకోవడం అనుకోవచ్చు. నేల యజమానులు కోర్టుకు వెళ్లారు. 1990లో అక్కడి సుప్రీం కోర్టు ఆ సవరణను సమర్థించింది.

అంతా సాఫీగా జరిగిందని నేను చెప్పడం లేదు. కేటీ కట్ట పక్కన పొలాలున్న రైతులు తమ నేల తమకు రావలసిందేనని గట్టిగానే వాదించారు, ఊరూ పేరూ తెలియని వాళ్లు పొలాల పక్కనుంచి తిరుగుతారని భయపడ్డారు. వాళ్ల వాదనలో న్యాయం లేదని అనలేను. 1993లో మిస్సోరీ నదికి వచ్చిన మహా వరదలో దారి చాలా చోట్ల కొట్టుకుపోతే మళ్లీ వేయవలసి వచ్చింది. డబ్బు విషయంలో ఎడ్వర్డ్ జోన్స్ అనే వ్యాపారవేత్త 20 లక్షల డాలర్లకు పైగా విరాళం ఇవ్వడం వల్ల పని ముందుకు కదిలింది. మన జిల్లాల్లో గుళ్లకు, కల్యాణ మండపాలకు చేతికి ఎముక లేకుండా ఇచ్చే దాతలు ఎందరో ఉన్నారు. కాలిదారికి ఇచ్చిన దాతను నేను ఇంకా చూడలేదు.

ఇక మన ఊరి సంగతి. మా పేట పేరుతోనే ఒకప్పుడు ఒక రైల్వే స్టేషను ఉండేదని నేటి పిల్లలకు తెలియదు. పేట నడుమ నుంచి రైలు పట్టాలు వెళ్లేవి. గేటు పడితే ఇటు రిక్షాలు, సైకిళ్లు, స్కూలు పిల్లలు, అటు పాలవాళ్లు, ఆసుపత్రికి బయలుదేరిన ఆటోలు, అందరూ ఎండలో నిలబడి గేట్‌మన్‌ను తిట్టుకునేవారు. ఆ లైను తీసేయాలని కోరినవాళ్లలో, రైల్వే జీతం తింటూ ఉండి కూడా, నేనూ ఉన్నాను. లైను తీసేశారు, ఆ జాగాలో బి.ఆర్.టి.ఎస్. రోడ్డు, అంటే మధ్యలో బస్సులకు విడిగా దారి ఉంచిన రోడ్డు వచ్చింది. దాని వల్ల ఒక గొప్ప మేలు జరిగిందని ఇప్పటికీ అంటాను: కట్ట జాగా ఇళ్ల స్థలాలుగా ముక్కలు కాకుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒకే పట్టీగా మిగిలింది. నగరం నడిబొడ్డున అంత పొడవైన, అంత సమతలమైన జాగా ఇంకొకటి సంపాదించాలంటే ఇప్పుడు ఎన్ని వందల ఇళ్లు కూల్చాలో ఊహించుకోండి.

ఆ సమతలం విలువ మా పేట వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి చూస్తే చెవులకు మఫ్లరు చుట్టుకున్న తాతలు, చుడీదారు మీద స్వెటరు వేసుకున్న గృహిణులు, బీపీ మాత్ర వేసుకుని డాక్టరు భయం కొద్దీ వచ్చిన మధ్య వయస్కులు అక్కడే నడుస్తూ కనబడతారు. రైలు కట్ట మీద నడుస్తున్నామని వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఇబ్బంది ఏమిటంటే ఆరు కాకముందే వాహనాలు మొదలవుతాయి. కిందటి సంవత్సరం నేను అంచున నడుస్తూ ఉండగానే వెనుక నుంచి వచ్చిన మోటారు సైకిలు అద్దం నా మోచేతికి తగిలింది. పడిపోలేదు గాని వారం రోజులు చేయి ఎత్తలేకపోయాను. ఆ నడిపిన కుర్రవాడు దిగి వచ్చి, "బాబాయ్, రోడ్డు మీద వాకింగేంటి, పార్కుకు వెళ్లొచ్చుగా" అన్నాడు. అతని మాటలో కోపం లేదు, నిజంగానే అడిగాడు. పార్కులో గుండ్రంగా తిరగాలి, నాలుగో చుట్టుకు తల తిరుగుతుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడిచి వెళ్లడంలో ఉన్న తృప్తి అందులో ఉండదు. ఆ మాట అతనికి చెప్పాను గాని విన్నట్టు లేదు.

మన దేశంలో కేటీ వంటి పొడవైన దారులు ఎందుకు లేవని మావాడు అడిగాడు. దానికి కారణం ఉంది. అక్కడ లారీలు, కార్లు పెరిగాక వేల మైళ్ల లైన్లు మూతపడ్డాయి; మన దగ్గర రైళ్లకు ఉన్న గిరాకీ తగ్గలేదు. 1992లో గేజీలన్నీ, అంటే రెండు పట్టాల మధ్య ఉండే వెడల్పులన్నీ ఒకటి చేసే పథకం మొదలయ్యాక 1000 మిల్లీమీటర్ల మీటరు గేజి తీసి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వేసినప్పుడు కూడా చాలావరకు ఉన్న కట్టనే వెడల్పు చేసి వాడుకున్నారు. గుంటూరు నుంచి మాచర్ల వైపు, గుంతకల్లు వైపు వెళ్లే లైన్లు ఒకప్పుడు మీటరు గేజివే. వాటి మీద ఇప్పుడు పెద్ద బండ్లే తిరుగుతున్నాయి. అది సంతోషించవలసిన విషయం. అయితే గేజి మార్చేటప్పుడు వంపులు సరిచేసిన చోట, వంతెన పక్కకు జరిపిన చోట, సైడింగు, అంటే బండ్లు నిలిపే పక్క లైను ఎత్తేసిన చోట పాత కట్ట ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కల గతి ఏమవుతుందో నా సర్వీసులో కళ్లారా చూశాను. పట్టాలు లేచిన వారానికి కంకర మాయమవుతుంది, నెలకు మట్టి తవ్వుకుపోతారు, ఏడాది తిరిగేసరికి రేకుల షెడ్డు, మూడేళ్లకు గోడ. ఆ తర్వాత నోటీసులు, స్టేలు, నాయకుల సిఫార్సులు. కట్ట ఉండిన సంగతి పాత ప్లాను కాగితాల్లో తప్ప ఎక్కడా కనబడదు.

రాజమహేంద్రవరంలో హేవ్‌లాక్ వంతెన 1900లో రైళ్లకు తెరిచారు, 1997లో దాని మీద రైళ్లు ఆగాయి. గోదావరి మీద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున నిలబడి ఉన్న ఆ వంతెనను జనం నడిచే దారిగా, పర్యాటక స్థలంగా మార్చాలన్న మాట పాతికేళ్లుగా వింటూనే ఉన్నాం. పూర్తయిన రోజున మొదట నడిచేవాళ్లలో ఉండాలని నాకూ ఆశ ఉంది.

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లలో జనం రైలు కట్ట మీద ఇప్పుడూ నడుస్తున్నారు, కాకపోతే బండ్లు తిరిగే కట్ట మీద. పేటకూ పేటకూ మధ్య అడ్డదిడ్డం లేని దారి అదొక్కటే కనుక కాలేజీ పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని పట్టాల వెంటే పోతుంటారు. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరమని బోర్డులు పెట్టి చెప్పాం, జరిమానాలు వేశాం. అయినా పట్టాలు తనిఖీ చేయడానికి తెల్లవారి పెట్రోలింగుకు వెళ్లిన మా కీమ్యాన్‌లు ఎన్నిసార్లు ఎటువంటి కబుర్లు తెచ్చారో ఇక్కడ రాయదలచుకోలేదు. నడిచేవాళ్లకు నేరుగా వెళ్లే దారి ఇంకొకటి లేకుండా, ఉన్నదాని మీద నడవవద్దని చెబితే వినరు.

కనుక నా మనవి రెండు పనుల గురించి. మొదటిది రైల్వే వారికి, రాష్ట్ర ప్రభుత్వానికి కలిపి. ఎక్కడ లైను ఎత్తేయాలని నిర్ణయించినా, పట్టాలు లేపకముందే ఆ కట్టను కొస నుంచి కొసకు ఒకే పట్టీగా కొలిచి, హద్దు రాళ్లు పాతి, నేల రైల్వే పేరనే ఉంచి, నడకకు, సైకిళ్లకు వాడుకునే హక్కును స్థానిక పురపాలక సంస్థకో పంచాయతీకో కౌలుకు ఇచ్చి, రైలు కావలసినప్పుడు తిరిగి తీసుకునే షరతు రాసుకోవాలి. 2005లో రైల్వే చట్టాన్ని సవరించి ఖాళీగా ఉన్న రైల్వే భూములను వాణిజ్యానికి వాడుకునేందుకు ఒక సంస్థనే ఏర్పాటు చేశారు. దుకాణాల సముదాయానికి నలుచదరపు జాగా కావాలి. ముప్పై నలభై అడుగుల వెడల్పుతో మైళ్ల పొడవున సాగే కట్ట వాళ్లకు పెద్దగా పనికిరాదు. అది పనికివచ్చేది రైలుకు, లేదా నడిచేవాడికి.

రెండోది మా పేటకు సంబంధించినది, పెద్ద ఖర్చు లేనిది. బి.ఆర్.టి.ఎస్. రోడ్డు మధ్యలో బస్సుల కోసమని విడిగా ఉంచిన భాగాన్ని తెల్లవారి ఐదు నుంచి ఏడు వరకు నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదిలిపెట్టాలి. వీధులు కలిసే చోట తీసి పెట్టుకునే అడ్డు స్తంభాలు పెడితే మోటారు సైకిళ్లు లోపలికి రావు. ఏడు దాటాక ఎవరి దారి వాళ్లది. బస్సులకు గాని, ఆఫీసులకు వెళ్లేవాళ్లకు గాని నష్టం లేదు. అంచుల వెంట కానుగ, వేప నాటాలి. ముచ్చట కోసం నాటే విదేశీ తాటి మొక్కలు బెజవాడ మే నెల ఎండకు నీడ ఇవ్వవు. ఆడవాళ్లు చీకటితో బయలుదేరాలంటే దీపాలు వెలగాలి, మధ్యలో ఒక మరుగుదొడ్డి, ఒక మంచినీళ్ల కుళాయి ఉండాలి; కేటీ దారిలో నేను గమనించింది, స్టేషన్లున్న చోటులనే ఎంచుకుని వాళ్లు ఈ ఏర్పాట్లు చేశారు. మా పాత స్టేషను ఉండిన చోట ఒక చిన్న రాయి పాతి, ఇక్కడ సత్యనారాయణపురం రైల్వే స్టేషను ఉండేదని రాస్తే నాలాంటి వాళ్లు అక్కడ ఆగి మనవలకు గేటు కథలు చెప్పుకుంటారు. అది అదనం.

రోడ్డు మధ్యలోని ఆ బస్సుల దారి ఎక్కడెక్కడ తెగింది, అడ్డు స్తంభాలు ఎక్కడ కావాలి, నీరు ఎక్కడ నిలుస్తోంది అన్నవి నేను టేపు పెట్టి కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. సంబంధిత అధికారులు ఎవరైనా వచ్చి చూస్తామంటే సంతోషంగా వెంట ఉండి చూపిస్తాను. వాన పడని ఏ రోజైనా ఉదయం ఐదింటికి నేనూ మా ఇంటావిడా అక్కడే ఉంటాము.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ.